మన మొహల్లా డాక్టర్ సాబ్
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మాది ఉర్దూ మీడియం నౌకరీ. రోజంతా అలిఫ్, బే చెప్పే నోటితో తెలుగులో ప్రసంగం చేయమని సొసైటీ వారు హుకుం వేశారు. కారణం న్యాయమైనదే. ఈనాడు మనం సన్మానం చేసుకుంటున్న డాక్టర్ గారి కుటుంబం తెలుగు వారు. బీరప్పగడ్డ నుండి, రామంతాపూర్ నుండి, కళ్యాణపురి నుండి వారి పేషెంట్లు కూడా వచ్చి ఉన్నారు. అందుచేత తెలుగులోనే మాట్లాడుతున్నాం. తప్పులుంటే మన్నించండి. క్లాసులో పిల్లల తప్పులు మేము మన్నించము గాని, ఆ సంగతి వేరు.

ఈ సభకు రావడానికి డాక్టర్ గారు రెండు షరతులు పెట్టారు. ఒకటి, సావనీరులో తన పేరు గాని, ఫోటో గాని వేయరాదు. రెండు, పొగడ్తలు పది నిమిషాలు దాటరాదు, మిగతా టైములో జనానికి పనికి వచ్చే మాట ఏదైనా చెప్పాలి. మొదటి షరతుకు సొసైటీ వారు చాలా బాధపడ్డారు, ఎందుకంటే బ్లాకు కూడా రెడీ అయి ఉండింది. కాని ఆయన వినలేదు. కనుక మేము "డాక్టర్ సాబ్" అనే అంటాం. చిల్కానగర్‌లో ఆ మాట అంటే ఎవరో ఇంకొకరు చెప్పవలసిన అవసరం లేదు.

డాక్టర్ సాబ్ ఇక్కడికి వచ్చింది 1985లో. అప్పటికి మాకు ఐదేళ్ళు. ఆనాటి చిల్కానగర్ మా పిల్లలు ఎరుగరు. ఉప్పల్‌లో బస్సు దిగి నడిచి రావాలి. వాన పడితే చెప్పులు చేతిలో పట్టుకొని రావాలి. మొగవాళ్ళు సగం మంది ఉప్పల్, నాచారం ఫ్యాక్టరీలలో షిఫ్టు డ్యూటీలు చేసేవారు, మిగిలిన వాళ్ళు మేస్త్రీ పని, వెల్డింగు, పండ్ల బండి. 2007లో మనం జీహెచ్‌ఎంసీలో కలిశాం, 2017లో ఉప్పల్ మీదుగా మెట్రో రైలు వచ్చింది, ఇప్పుడు గల్లీకి నాలుగు మెడికల్ షాపులున్నాయి. ఆ రోజుల్లో రాత్రి పూట బిడ్డకు ఫిట్స్ వస్తే ఉన్నది ఒక్క ముల్గీ. అందులో ఒక మేజా, ఒక బెంచీ, ఒక ఆకుపచ్చ పర్దా, స్టౌ మీద సూదులు మరగబెట్టే గిన్నె. ఫీజు 5 రూపాయలు. లేని వాళ్ళకు ఖాతా. ఆ ఖాతా పుస్తకం సంగతి మేము ఇక్కడ ఎత్తము, ఎందుకంటే సభలో చాలామంది తలలు వంచుకోవలసి వస్తుంది, మేము కూడా.

ఆయన ఉస్మానియాలో చదివింది ఇంగ్లీషులో. మన జబాన్ నేర్చుకున్నది మాత్రం ఆ బెంచీ మీద కూర్చున్న మన దాదీమాల దగ్గర. అందుకే ఆయన ఉర్దూలో కితాబీ మాటలు ఉండవు. "ఏక్ సూయీ దేవ్ సాబ్" అని ఎవరైనా అడిగితే "నక్కో" అని ఒకే మాట. నలభై ఏళ్ళ నుండి ఆ ఒక్క మాట మీద ఎంతమంది అలిగి పోయారో లెక్క లేదు. అలిగిన వాళ్ళు మళ్ళీ వచ్చారు.

ఇంకొక అలవాటు ఉంది ఆయనకు. మందు రాసిచ్చి చిట్టీ చేతికి ఇవ్వరు. ముందు తాను చెబుతారు, తరువాత "ఇప్పుడు నువ్వు చెప్పు" అంటారు. ఏ గోలీ ఎప్పుడు, అన్నానికి ముందా తరువాతా, ఎన్ని రోజులు, ఏమైతే పరుగెత్తి రావాలి, ఇవన్నీ పేషెంటు తన నోటితో తిరిగి చెప్పాలి. తప్పు చెబితే మళ్ళీ మొదటి నుండి. వెనుక ఇరవై మంది కూర్చున్నా సరే. మా చిన్నతనంలో ఇది చూసి నవ్వుకునేవాళ్ళం, డాక్టర్ సాబ్ సబఖ్ ఒప్పగించుకుంటున్నాడని. పంతులు ఉద్యోగంలో చేరిన తరువాత తెలిసింది, చదువు చెప్పడంలో ఇంతకంటే గొప్ప పద్ధతి లేదు. పిల్లవాడు తల ఊపితే వాడికి అర్థమైందని కాదు.

ఇప్పుడు ఒక సంగతి చెబుతాం. ఈ మాట మా ఇంటి గడప దాటి ఇంతవరకు బయటికి రాలేదు. మా అబ్బా అల్లాహ్ సన్నిధికి వెళ్ళి చాలా ఏళ్ళయింది. నిన్న రాత్రి మా అమ్మీ దగ్గర ఇజాజత్ తీసుకొని వచ్చాం.

1993లో మా అబ్బాకు దగ్గు పట్టుకుంది. ఫ్యాక్టరీలో దుమ్ము వల్ల అని అందరూ అన్నారు, ఆయనా అదే అన్నాడు. ఒక ఆర్‌ఎంపీ దగ్గర సిరప్పు, ఇంకొకరి దగ్గర సూదులు. రెండు నెలలు గడిచాయి. మనిషి సగమయ్యాడు, సాయంత్రం కాగానే ఒళ్ళు వెచ్చబడేది, రాత్రి చెమటకు పరుపు తడిసేది. డాక్టర్ సాబ్ దగ్గరికి పోలేదు. ఎందుకు పోలేదో అప్పుడు మాకు తెలియదు. తరువాత తెలిసింది: ఆయన పేరు పెట్టి చెబుతాడని భయం. మా పెద్దక్కకు సంబంధం మాట్లాడుతున్న రోజులు అవి.

చివరకు అమ్మీయే మమ్మల్ని పంపి డాక్టర్ సాబ్‌ను ఇంటికి పిలిపించింది. ఆయన వచ్చి ఛాతీ చూసి, ఇంట్లో ఎంతమంది, ఎవరు ఎక్కడ పడుకుంటారు, అన్నీ అడిగారు. తెల్లవారి గళ్ళ పరీక్షకు డబ్బీలు తానే ఇచ్చారు. ఎర్రగడ్డ ఛాతీ దవాఖానాకు పోతే ఎవరైనా చూస్తారని అబ్బా మొండికేస్తే, ఆ డబ్బీలు పట్టుకొని తానే మనిషిని పంపించారు. రిపోర్టు వచ్చింది. టీబీ.

ఆ రోజు ఆయన అబ్బాతో మాట్లాడిన మాటలు మేము తలుపు వెనుక నుండి విన్నాం. "ఆరు నెలలు. ఒక్క రోజు తప్పినా నేను ఒప్పుకోను. మొదటి రెండు నెలలు నాలుగు రకాల గోలీలు, తరువాత నాలుగు నెలలు రెండు రకాలు. నెల తిరిగేసరికి నీకు ఏమీ లేనట్టు ఉంటుంది, అప్పుడే నువ్వు మానేస్తావు, అప్పుడే అది పగబట్టి వస్తుంది. ఇప్పుడు నువ్వు చెప్పు." అబ్బా చెప్పాడు. "ఇంకొకటి. మూత్రం ఎర్రగా పోతుంది. అది రక్తం కాదు, గోలీ రంగు. ఇది కూడా చెప్పు." అబ్బా అదీ చెప్పాడు.

రెండో రోజే ఎర్రగా పోయింది. అమ్మీ గుండె ఆగినంత పని అయింది. అబ్బా మాత్రం మంచం మీద కూర్చొని, సబఖ్ ఒప్పగించినట్టు, "గోలీ రంగు, గోలీ రంగు" అన్నాడు. ఆ ఒక్క మాట ముందుగా చెప్పి ఉండకపోతే మా అబ్బా ఆనాడే ఆ గోలీలు మోరీలో పారేసి ఉండేవాడు. ఇందులో మాకు సందేహం లేదు.

రెండు నెలలకు దగ్గు పోయింది, ఆకలి వచ్చింది. డాక్టర్ సాబ్ చెప్పినట్టే అబ్బా మానేశాడు. మూడు రోజులు దవాఖానాకు పోలేదు. నాలుగో రోజు ఫజర్ నమాజుకు లేచి తలుపు తీస్తే స్కూటర్ స్టాండు వేసి డాక్టర్ సాబ్ నిలబడి ఉన్నాడు. ఒక్క మాట కోపంగా అనలేదు. నీళ్ళు అడిగాడు. తనకేమో అనుకున్నాం. గోలీలు అబ్బా చేతిలో పెట్టి, మింగిన దాకా నిలబడి, వెళ్ళిపోయాడు. ఆ తరువాత రోజూ పొద్దున డ్యూటీకి పోయే ముందు అబ్బా ముల్గీకి పోయి ఆయన ఎదురుగా మింగి పోయేవాడు. బెంచీ మీద వాళ్ళు అడిగితే "బీపీ గోలీ" అని చెప్పమన్నది కూడా ఆయనే. ఎదురుగా నిలబడి మింగించే పద్ధతిని సర్కారు దేశమంతటా డాట్స్ అనే పేరుతో మొదలుపెట్టింది 1997లో.

మా చెల్లెలికి అప్పుడు నాలుగేళ్ళు. ఆ పిల్లకు ఏ రోగం లేకపోయినా నెలల తరబడి ముందు జాగ్రత్త గోలీ వేయించారు. ఇంట్లో ఒకరికి ఉంటే పసిపిల్లలకు తొందరగా అంటుతుందట. ఆ చెల్లెలు ఈనాడు పర్దా అవతల కూర్చొని ఉంది, తన పిల్లలతో. పెద్దక్క నికాహ్ కూడా అనుకున్న తారీఖుకే జరిగింది. డాక్టర్ సాబ్ వచ్చి బిర్యానీ తిని పోయారు. ఈ ముప్పై ఏళ్ళలో ఆ మాట ఆయన నోటి నుండి ఎవరికీ పోలేదు. ఆయన దాచినది మేము ఈనాడు బయట పెడుతున్నాం. డాక్టర్ సాబ్, మాఫ్ చేయండి. కాని మన గల్లీలలో ఇప్పటికీ మూడు వారాల దగ్గును "మౌసమ్" అని దాచేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ కోసం చెప్పవలసి వచ్చింది. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే గళ్ళ పరీక్ష సర్కారీ దవాఖానాలో ముఫత్. మందులు ముఫత్. మందు తింటున్నన్ని రోజులు తిండి ఖర్చుకు కేంద్ర సర్కారు నెలకు 500 ఇచ్చేది, 2024 నవంబరు నుండి అది 1000 రూపాయలు చేశారు. ఈఎస్‌ఐ కార్డు ఉన్న కార్మికులకు టీబీ వస్తే ఎక్కువ కాలం జీతంలో భాగం దొరికే కాయిదా ఉంది. మా అబ్బాకు కార్డు ఉండింది, షరమ్ పడి చూపించలేదు. ఆ ఆరు నెలలు అమ్మీ బుర్ఖాలకు లేసు కుట్టి ఇల్లు నడిపింది.

పది నిమిషాలు దాటినట్టున్నాయి. డాక్టర్ సాబ్ మా వైపు చూస్తున్నారు. సరే, షుగర్ సంగతికి వస్తాం.

హైదరాబాదులో ఇంగ్లీషు వైద్యం చదువు మొదలైందే షుగర్ వల్ల అంటే మీరు నమ్ముతారా? నాలుగో నిజాం నాసిరుద్దౌలా గారికి మధుమేహం ఉండింది. హకీముల మందులు పని చేయలేదు. రెసిడెన్సీ డాక్టర్ మక్లీన్ అనే ఆయనను పిలిపించారు. లోపలికి ఏ మందూ ఇవ్వరాదని నిజాం గారు షరతు పెట్టారని చరిత్రలో చెబుతారు. ఆ డాక్టరు తిండి మార్చి నయం చేశాడు. దానికి సంతోషించి 1846లో మెడికల్ స్కూలు పెట్టించారు. అందులో చదువు చెప్పింది ఏ భాషలో? ఉర్దూలో. మధ్యలో ఇంగ్లీషు వచ్చింది. మళ్ళీ 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైన తరువాత మెడికల్ కాలేజీలో ఉర్దూలోనే డాక్టర్లను తయారు చేశారు. అందుకోసం కితాబులు తర్జుమా చేయడానికి 1917లోనే దారుల్ తర్జుమా అని ఒక మహకమానే పెట్టారు. 1948 తరువాత అది పోయింది. ఆ కాలంలో చదివిన డాక్టరు పేషెంటుకు రోగం పేరు చెబితే పేషెంటుకు తెలిసేది. ఇప్పుడు రిపోర్టులో ఏముందో చదవడానికి మనం మళ్ళీ డాక్టర్ సాబ్ ముల్గీకే పోతున్నాం. పెద్ద దవాఖానాలో వేలు పోసి పరీక్షలు చేయించుకొని, అర్థం చేసుకోవడానికి 50 రూపాయల ఫీజు. కొందరు అదీ ఇవ్వరు, "చూపించడానికే వచ్చాం సాబ్" అని.

ప్రతి ఏడాది షబే బరాత్ పోగానే డాక్టర్ సాబ్ ఒక రిజిస్టరు తీస్తారు. మొహల్లాలో షుగర్ ఉన్నవాళ్ళ పేర్లు. ఒక్కొక్కరిని పిలిచి, ఎవరు రోజా ఉండవచ్చు, ఎవరు ఉండరాదు, పొద్దున గోలీ ఇఫ్తారుకు ఎలా మార్చాలి, సహరీ గోలీ ఎంత తగ్గించాలి చెబుతారు. తాను ఒక్కడే చెబితే వినరని ఆలిమ్‌లను కూడా కూర్చోబెట్టి మాట్లాడారు. వేలు గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదని వాళ్ళ నోటితోనే చెప్పించారు. 70 కన్నా తగ్గినా, 300 దాటినా ఆ పూట రోజా విడిచిపెట్టాలి, ఇఫ్తారుకు ఇంకా పది నిమిషాలే ఉంది కదా అని చూడరాదు. మా ఖాలూ ఒకరు అట్లాగే చూసి మసీదు వజూఖానా దగ్గర పడిపోయారు. ఇన్సులిన్ తీసుకునే వాళ్ళు అసలు తమంతట తాము నిర్ణయం చేయరాదు. ఈ మాట పర్దా అవతల వాళ్ళకు ముఖ్యంగా, ఎందుకంటే ఇంటిల్లిపాదికీ సహరీ వండి తాము మాత్రం చాయ్ తాగి నియ్యత్ కట్టేది మీరే.

ఇక మా తప్పు ఒకటి. మా పెద్దవాడు ఏడాదిన్నర పిల్లవాడప్పుడు వాంతులు, విరేచనాలు. డాక్టర్ సాబ్ చూసి, ఒళ్ళు గిల్లి, కళ్ళు చూసి, ఓఆర్‌ఎస్ పొట్లాలు, జింకు గోలీలు ఇచ్చి పొమ్మన్నారు. మేము సెలైన్ పెట్టమన్నాం. "నక్కో." అప్పటికే మేము బీఎడ్ చేసిన పంతులం. మనకు తెలియదా అని మండిపడి పిల్లవాణ్ణి ఇంకొక చోటికి తీసుకుపోయి బాటిలు ఎక్కించాం. ఆ చోటు పేరు ఎందుకు గాని, సూది పెట్టిన చెయ్యి వాచి చీము పట్టింది. మళ్ళీ డాక్టర్ సాబే కోసి కట్టు కట్టారు. ఏమీ అనలేదు. ఓఆర్‌ఎస్ ఎలా కలపాలో మళ్ళీ మా చేత చెప్పించారు, అంతే. మీరూ వినండి. పొట్లం దొరకకపోతే ఒక లీటరు మంచి నీళ్ళలో గీత కొట్టినట్టు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఎక్కువ వేస్తే మేలు కాదు, కీడు. దుకాణాలలో డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అని రాసి తీపి నీళ్ళు అమ్మేవారు. మన హైదరాబాదు పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ వారు ఆ పేరు వాడరాదని ఉత్తర్వు ఇచ్చారు. ఒక డాక్టరమ్మ చేసిన పని అది.

పోలియో చుక్కల మీద పుకార్లు లేచినప్పుడు మేము డ్యూటీ మాస్టర్లం. తలుపులు తీసేవారు కాదు. డాక్టర్ సాబ్ రెండు ఆదివారాలు దవాఖానా మూసి మా వెంట ఇల్లిల్లూ తిరిగారు. వాదించలేదు. "ఈ బిడ్డ కాన్పు రోజు నేను వచ్చానా లేదా?" అని మాత్రం అడిగేవారు. తలుపు తెరుచుకునేది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014 మార్చిలో దేశానికి సర్టిఫికెట్ వచ్చింది. అందులో చిల్కానగర్ చుక్కలు కూడా ఉన్నాయి.

కరోనా కాలం గురించి ఎక్కువ చెప్పము, అందరికీ గాయాలున్నాయి. 2020లో గాంధీ దవాఖానాను పూర్తిగా కరోనాకు పెట్టినప్పుడు చుట్టుపక్కల దవాఖానాలు చాలా వరకు షట్టర్లు దించాయి. అరవై దాటిన మనిషి, ముల్గీ కిటికీ దగ్గర కుర్చీ వేసుకొని కూర్చున్నారు. సొసైటీ కొన్న ఆక్సీమీటర్లు ఇల్లు మారుతూ తిరిగేవి. 94 కన్నా దిగితే ఫోను చేయాలి. ఆ నోటుబుక్కు మా దగ్గర భద్రంగా ఉంది. అందులో కొన్ని పేర్ల ఎదురుగా అంకెలు ఆగిపోయాయి. వాళ్ళ ఇళ్ళకు ఆయన తరువాత విడిగా పోయి కూర్చున్నారు.

ఇట్లాంటి డాక్టర్లు లేకుండా పోయారని మేము అనము. మన పక్కన బోడుప్పల్‌లో డాక్టర్ విక్టర్ ఇమాన్యుయేల్ గారు, అటు కడపలో డాక్టర్ నూరీ పర్వీన్ గారు 10 రూపాయల ఫీజుతో దవాఖానాలు తెరిచిన సంగతి పేపర్లలో చదివాం. నూరీ గారి పేరు మా క్లాసులో ఆడపిల్లలకు చెబితే వాళ్ళ కళ్ళు చూడాలి. అంతకు ముందు కూడా ఉన్నారు. మన హైదరాబాదు మెడికల్ స్కూలులోనే రూపాబాయి ఫర్దూన్‌జీ అనే ఆమె 1889లో పట్టా పుచ్చుకొని, ఆపరేషనులో మత్తు ఇచ్చే డాక్టరుగా పని చేశారు. 2018 నుండి నీట్ పరీక్ష పేపరు ఉర్దూలో కూడా ఇస్తున్నారు. కాని పేపరు ఉర్దూలో ఇచ్చి, కోచింగు, కితాబులు ఉర్దూలో లేకపోతే మా పిల్లలు ఏం చేయాలి? ఈ మాట సొసైటీ వారు ఆలోచించాలి. శాలువా డబ్బులు మిగిలాయి గనుక చెబుతున్నాం, డాక్టర్ సాబ్ శాలువా కూడా నక్కో అన్నారు.

శాలువాకు బదులు ఏం కావాలని అడిగితే, ముల్గీ మెట్టు దగ్గర పట్టుకోవడానికి ఒక ఇనుప రాడ్ కావాలన్నారు. ముసలి పేషెంట్లు ఎక్కలేకపోతున్నారట. ఆయనకూ డెబ్బై దగ్గరికి వచ్చాయి, ఆ సంగతి చెప్పలేదు. మన వెల్డింగు అన్వర్ భాయ్ వాళ్ళ షాపులో ఆ రాడ్ రెడీ అయింది, రేపు జుమా తరువాత బిగిస్తారు. ఖాతా బాకీ ఉన్నవాళ్ళు కూడా అదే టైముకు వస్తే మంచిది, మేము ముందుగా వచ్చి లైనులో నిలబడతాం.

ఇంకా చెప్పవలసినవి ఉన్నాయి. కాని ఆయన రెండోసారి గడియారం చూశారు. ఆరు గంటలకు దవాఖానా తెరవాలి, బయట ఇద్దరు తల్లులు పిల్లల్ని ఎత్తుకొని అప్పుడే నిలబడి ఉన్నారు. దారి ఇవ్వండి.

ఖుదా హాఫిజ్.